నాలుగో మెకానిక్‌ని

మా అక్క మొగుడి పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు ఆవిరి కక్కుకుంటూ నా షెడ్డులోకి వచ్చింది. చూడగానే నాకు తిక్కరేగింది. ఇంజన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి మళ్ళీ స్టార్ట్ చేయించాను. నీళ్ళలో ఒకటే బుడగలు. ఆయిల్ చూసే పుల్ల లాగితే, ఆయిల్ పాలు కలిసిన కాఫీలా ఉంది.

"హెడ్ గాస్కెట్ పోయింది, బావా."

"ముగ్గురు మెకానిక్‌లూ అదే అన్నారు. నువ్వైతే మన మనిషివి, వేరే ఏదన్నా చెప్తావని వచ్చా."

"ముగ్గురి దగ్గరికీ దీన్ని నడుపుకుంటూనే వెళ్ళావా?"

"మరి మోసుకెళ్తానా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. బోల్టులన్నీ విప్పి, ఇంజన్‌కి మూతలా ఉండే హెడ్ దించాను. దాని కింద నీళ్ళూ ఆయిలూ కలవకుండా ఆపే పల్చటి రేకు, గాస్కెట్, రెండు సిలిండర్ల మధ్య కాలిపోయి ఉంది. హెడ్ మీద ఉక్కు స్కేలు నిలబెడితే కింద సందులోంచి వెలుతురు కనిపించింది.

"మొదటివాడి మాట వినుంటే గాస్కెట్ మార్చి ఊరుకునేవాళ్ళం. ఉడుకుతున్న బండిని ఊరంతా తిప్పి హెడ్ కూడా వంకర చేశావు. దీన్ని మిషన్ మీద సాపు చేయించకపోతే కొత్త గాస్కెట్ వేసినా నిలవదు. బుద్ధుందా నీకు?"

బావ గడ్డం గోక్కున్నాడు. "ఎందుకైనా మంచిది, ఇంకొకరికి చూపిద్దామా?"

హెడ్ ఎత్తి అతని చేతుల్లో పెట్టాను. బరువుకి నడుం వంగిపోయింది.

"చూపించు. ఈసారి మోసుకునే వెళ్ళు."