ఎర్కోలె గారి నీలం కోటు

నేను ఒక ఉన్ని కోటును. ముదురు నీలం రంగు, మోకాళ్ల దాకా పొడుగు, లోపల పట్టు లైనింగు. ఇటలీ ఉత్తరాన కొండల కింద ఒక ఊళ్లో ముసలి దర్జీ నన్ను కుట్టాడు. మంచి భుజాలున్న మనిషి దొరకాలని ఆశపడ్డాను. దొరికినవాడికి భుజాలైతే ఉన్నాయి.

ఆయన పేరు ఎర్కోలె. ఆటగాడిగా ఎవరికీ గుర్తులేని మనిషి. సముద్రం ఒడ్డున ఒక చిన్న పట్టణం తన ఫుట్‌బాల్ జట్టుకు ఆయన్ని శిక్షకుడిగా పెట్టుకుంది. ఇటలీలో శిక్షకుణ్ణి ఆటగాళ్లు ‘మిస్టర్’ అంటారు. ఆ పిలుపు చెవిన పడగానే లోపల ఆయన ఛాతీ ఉబ్బడం నాకు తెలిసేది. నా గుండీలు బిగుసుకునేవి.

జట్టును నిజంగా నడిపింది కెప్టెన్ లివియో. మైదానంలో ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పేది, తిట్టేది, బుజ్జగించేది అతనే. మా దొర ఎర్కోలె మైదానం గీత బయట నిలబడి చేతులు ఊపేవాడు. జట్టు గెలిస్తే విలేకరులకు తన వ్యూహం గురించి చెప్పేవాడు. ఓడితే గాలి గురించి చెప్పేవాడు.

పై డివిజన్‌కు వెళ్లాలంటే గెలిచి తీరాల్సిన ఆట రానే వచ్చింది. ఆ ఉదయానికి లివియో మోకాలు వాచి గుమ్మడికాయలా ఉంది. డాక్టరు ఎర్కోలెను పక్కకు పిలిచాడు.

“ఇవాళ ఆడితే ఆ కాలు ఇక పనికిరాదు మిస్టర్. మీరు వద్దంటే వింటాడు.”

మా దొర వెళ్లి లివియో పక్కన కూర్చున్నాడు. నా చేతిని, అంటే తన చేతిని, అతని భుజం మీద వేశాడు.

“నీ ఇష్టం నాయనా. ఊరంతా నీకోసమే వచ్చింది మరి” అన్నాడు.

లివియో ఆడాడు. గోలు కొట్టాడు. అదే పరుగులో కూలిపోయాడు. అతన్ని స్ట్రెచర్ మీద మోసుకెళ్తుంటే మా దొర జనం భుజాల మీద ఊరేగుతున్నాడు. ఆసుపత్రికి వెళ్లలేదు. ఒక పెద్ద నగరపు క్లబ్బు నుంచి ఫోను వచ్చిందట, సామాను సర్దుకోవాలట.

పెద్ద క్లబ్బులో లివియో లేడు. అందుకని ఓటములు వచ్చాయి. చలికాలం ముగిసేలోపే పంపించేశారు. ఆ తరవాత టర్కీ, గల్ఫ్ ఎడారి, మళ్లీ ఇటలీ. ఎడారిలో కూడా నన్ను తొడుక్కున్నాడు, ఫొటోల కోసం. ప్రతిచోటా అదే తంతు: రాగానే పూలదండ, పోయేటప్పుడు వెనక తలుపు. గడ్డి బాగాలేదన్నాడు, రిఫరీ కళ్లు బాగాలేవన్నాడు, కుర్రాళ్లలో పౌరుషం లేదన్నాడు. తన గురించి మాత్రం ఎన్నడూ ఏమీ అనలేదు.

చివరికి ఆ సముద్రం పట్టణమే మళ్లీ పిలిచింది. జట్టు కింది డివిజన్‌కు జారిపోయే స్థితిలో ఉంది. పాత విజయాన్ని నమ్ముకుని పిలిచారు పాపం. లివియో అక్కడే ఉన్నాడు, సహాయ శిక్షకుడిగా, కుంటుతూ.

“అప్పుడు నేను నిన్ను బలవంతపెట్టలేదు కదా” అన్నాడు మా దొర, పలకరింపు కూడా లేకుండా.

“లేదు మిస్టర్. మీరు వద్దనలేదు, అంతే.”

సీజన్‌లో ఆఖరి ఆట, ఓడితే జారిపోవడమే. సగం సమయానికి స్కోరు సమం. సావెరియో అనే ఇరవై ఏళ్ల ఫార్వర్డు తొడ పట్టుకుని ఆటగాళ్ల గదిలోకి వచ్చాడు. మా దొర చెయ్యి లేచింది. ఆ చెయ్యి ఎక్కడికి వెళ్తుందో నాకు తెలుసు. అది ఆ కుర్రాడి భుజం మీద పడేలోపే లివియో మధ్యలోకి వచ్చాడు.

“బూట్లు విప్పు” అన్నాడు.

“ఆడతాను లివియో. నేను లేకపోతే ఓడిపోతాం.”

“ఓడిపోతాం. విప్పు.”

సావెరియో బూట్లు విప్పాడు. మా దొర లేచిన చేతిని నా జేబులో పెట్టుకున్నాడు. అందరూ లివియోవైపే చూస్తున్నారు. జట్టు ఓడింది, కింది డివిజన్‌కు జారింది. ఊరు ఏడ్చింది.

విలేకరుల ముందు ఎర్కోలె గొంతు సవరించుకున్నాడు. “ఆ కుర్రాడి భవిష్యత్తు కంటే నాకు గెలుపు ఎక్కువ కాదు. అందుకే కూర్చోబెట్టాను” అన్నాడు. లివియో గుమ్మంలోనే నిలబడి విన్నాడు. తరవాత సావెరియో తొడకు ఐసు పెట్టడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు పత్రికలన్నీ ఎర్కోలెను మనసున్న మనిషి అన్నాయి. లివియో లేకుండా ఎన్నడూ గెలవలేనివాడు ఓడిపోయి పేరు సంపాదించాడు. సన్మానాలు జరిగాయి. ఫుట్‌బాల్ మ్యూజియం అడిగితే నన్ను ఇచ్చేశాడు. ఇప్పుడు గాజు పెట్టెలో ఉన్నాను. కింద పలక మీద ‘గెలుపు కంటే మనిషిని ఎంచుకున్న శిక్షకుడి కోటు’ అని రాసి ఉంది. చదివి జనం కళ్లు తుడుచుకుంటారు. వాళ్లను చూస్తే నాకు జాలి కూడా కలగదు.

మొన్న ఒకాయన వచ్చాడు. సావెరియో. ఇప్పుడు పెద్ద క్లబ్బులో ఆడుతున్నాడు, నడక చూస్తేనే తెలుస్తోంది. పలక చదివి మ్యూజియం అధికారిణిని పిలిచాడు.

“ఇది తప్పండీ. నన్ను కూర్చోబెట్టింది ఈయన కాదు, లివియో.”

“లివియో ఎవరండీ?”

సావెరియో అంతా చెప్పాడు. మోకాలు, స్ట్రెచర్, బూట్లు, ఏదీ వదల్లేదు. ఆవిడ శ్రద్ధగా, తల ఊపుతూ విన్నది.

“చాలా బాగుందండీ. కానీ లివియో గారి కోటు మా దగ్గర లేదు కదా” అంది.