కట్టెల మోపు

"రేపు నలభై మందికి బువ్వ, కోడికూర. సంస్థోళ్ళు, ఫారెస్టోళ్ళు అందరొస్తుండ్రు. పొద్దు గూకినంక అడవిలకు పోయి ఓ నాలుగు మోపులు కట్టెలు తెచ్చి పెట్టు" అన్నాడు శ్రీను, ఖాకీ చొక్కా ఇస్త్రీ అయ్యేదాకా బనియన్‌తో నిలబడి. ఇస్త్రీ చేస్తున్నది అతని భార్య సరళే.

"ఏ అడవిలకు?" అని అడిగింది.

"ఏ అడవేంది, మనదే. నేనే గద కాపలా, నిన్నెవడు పట్టుకుంటడు?"

ఎవడు పట్టుకుంటాడట! పట్టుకున్నవాడే అడుగుతున్నాడు. పోయిన చలికాలం అత్త ద్వాలికి మోకాళ్ళు పట్టేసి వేణ్ణీళ్ళు లేనిదే మంచం దిగలేకపోతుంటే, వాగు ఒడ్డున ఎండి రాలిన పుల్లలు ఏరి మోపు కట్టుకొస్తున్న సరళను తండా మొదట్లో ఆపింది ఈ శ్రీనే. గొడ్డలి గుంజుకున్నాడు. మోపు దించనివ్వకుండా, నెత్తిన మోపుతోనే కమిటీ హాలు ముందు నిలబెట్టి వీడియో తీశాడు. "రూలంటే రూలే, పెళ్ళామైనా ఒక్కటే" అని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. తండా అంతా చూసింది, మధిర దగ్గరున్న ఆమె తల్లిగారింటి వాళ్ళూ చూశారు. ఆ మోపు కమిటీ వాళ్ళ చాయ్ పొయ్యిలోకి పోయింది. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి, "నీళ్ళింకా కాగలేదేందే?" అని అడిగింది కూడా ఈ నోరే.

అడవికి గొడ్డలి తగలకుండా, ఎండుపుల్ల కూడా బయటికి పోకుండా చూసుకుంటే ఏటా తండా ఖాతాలో డబ్బు వేస్తామని సంస్థ వాళ్ళు వచ్చిన రోజు ఆడవాళ్ళందరినీ ముందు వరసలో కూర్చోబెట్టి ఫొటో తీశారు. ఫొటో అయ్యాక మగవాళ్ళు కమిటీ అయ్యారు. ఇంటింటికీ గ్యాస్ సిలిండర్లు అన్నారు. తొలి ఏటి డబ్బుతో హాలు లేచింది, దాంట్లో ఫ్యాన్ కింద పేకాట లేచింది. మరుసటి ఏడు మైకుసెట్టు వచ్చింది. శ్రీనుకు కాపలా జీతం, బండి వచ్చాయి. సిలిండరు సంగతి అడిగితే "ఈసారి పక్కా" అంటారు. హాల్లో ఉన్న ఒక్క సిలిండరు కమిటీ చాయ్‌కే చాలదు.

అడవి బతకాలని సరళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దుప్పులు మళ్ళీ వాగులోకి దిగుతుంటే చూసి మురిసిపోయిన మనిషి. ఆమె కోపం దుప్పుల మీద కాదు. అక్కడ చెట్టు నిలబడాలంటే ఇక్కడ తన నడుము వంగాల్సి వస్తోందని ఒక్క మీటింగులోనైనా ఒక్కడైనా అన్నాడా? అడవి బందైన నాటి నుంచి పొయ్యిలోకి పత్తికట్టే దిక్కు. ఏన్కూరు వైపు రైతు వెంకటనారాయణ చేలో కట్టె అంతా పీకి పెడితే సగం తీసుకుపోనిస్తాడు. చేను శుభ్రం చేసినందుకు కూలి ఉండదు, అరచేతుల్లో బొబ్బలుంటాయి. పైగా ఆయన భార్య సీతారావమ్మ గట్టు మీద నిలబడి, "మీకేంటమ్మా, అడవిని చూస్తూ కూర్చుంటే డబ్బులిస్తున్నారంటగా!" అంటుంది. చూస్తూ కూర్చునేది ఎవరో, బొబ్బలు ఎవరివో ఆమెకు కనపడదు. కనపడేటట్టు ఉంటే కదా.

"కట్టెలు కొనుక్కరారాదు?" అంది సరళ, చొక్కా అందిస్తూ.

"పైసలన్నీ శామియానాకే అయిపోయినయ్. రేపు నాకు శాలువ కప్పుతుండ్రు, ఎరుకేనా? పెళ్ళాన్ని గూడ ఇడిసిపెట్టలేదని సంస్థ మేడమ్ మస్తు మెచ్చుకుంది. నా ఇజ్జత్ తియ్యకు."

మంచం మీంచి అత్త అందుకుంది. "మగోడు చెప్పినంక పోవాలె బిడ్డా. మేం పోలేదా?"

సరళకు ఒళ్ళంతా మండింది. శాలువా తన నెత్తి మీది మోపుకు వచ్చిన శాలువా. ఆ శాలువా పండుగకు మళ్ళీ తనే మోపు తేవాలి. కంచే చేను మేయడం విన్నాం గానీ, ఈ కంచె తను మేయదు, మేసి రమ్మని పెళ్ళాన్ని తోలుతుంది. ఎవరి కంటైనా పడితే దొంగ తను. పడకపోతే విందు అతనిది. ఒక్కసారి ఆ పేరు మోసింది, చాలు. ఇంకోసారి మోయదు.

"సరే తియ్" అంది.

ఆ మాట దేనికి సరే అన్నదో శ్రీను అడగలేదు. ఆమె మాట రెండోసారి విన్న అలవాటు అతనికి లేదు.

తెల్లారి అతను కట్టెలొచ్చాయో లేదో చూడకుండానే శామియానా దగ్గరికి పోయాడు. సరళ పక్కింటి లాలిని పిలుచుకుని కోళ్ళు కోసింది, అల్లం వెల్లుల్లి నూరింది, కూరకు ఉప్పూ కారం పసుపూ పట్టించింది, బియ్యం కడిగి నానబెట్టింది. హాలు వెనక మూడు రాళ్ళ మీద గుండిగలు ఎక్కించింది.

"అక్కా, పొయ్యి ముట్టియ్యవా?" అంది లాలి.

"కట్టెలుంటే గద."

లాలి రాళ్ళ మధ్యకు చూసింది. ఒక్క పుల్ల లేదు. శామియానా వైపు చూసింది, సరళ మొహంలోకి చూసింది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "నేనూ వడ్డిస్త" అంది.

మైకులో మేడమ్ శ్రీనును పొగిడింది. ఇల్లాలినైనా లెక్కచెయ్యని నిజాయితీ అంది. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. అందరూ చేతులు కడుక్కుని విస్తళ్ళ ముందు కూర్చున్నారు.

సరళ గుండిగ చంకనేసుకుని వచ్చింది. మొదట మొగుడి విస్తట్లోనే వేసింది. తడి బియ్యం. వెనకే లాలి పచ్చి కోడిముక్కలు వేసింది.

శ్రీను మొహం నల్లబడింది. "ఏందే గిది?" అన్నాడు పళ్ళ సందులోంచి. "రాత్రి పొమ్మన్న గద!"

ఆ మాట పక్కన కూర్చున్న మేడమ్ విననే విన్నది. "ఎక్కడికి పొమ్మన్నారు?" అంది.

శ్రీను భుజం మీది శాలువా సర్దుకున్నాడు. సరళ వంగి మేడమ్ విస్తట్లోనూ ఒక గరిటెడు బియ్యం వేసింది.

"కట్టెలు లెవ్వు మేడమ్" అంది. "మా ఆయన కాపలా మస్తు గట్టిది."