రత్నం గారి ఊపిరి

నేను ఒక సెకండ్‌హ్యాండ్ సెల్‌ఫోన్‌ని. అద్దం ఓ మూల పగిలింది, ఛార్జింగ్ పెట్టే చోటు కాస్త వదులైంది. అయినా నన్ను చూసి జాలిపడకండి, నా బతుకు దర్జాగానే గడిచింది. పుట్టిన ఫ్యాక్టరీలో తెల్ల చేతితొడుగుల వాళ్ళు నన్ను పసిబిడ్డలా ఎత్తుకున్నారు. మొదట కొన్న కాకినాడ కాలేజీ అమ్మాయీ అంతే అపురూపంగా చూసుకుంది, నా తర్వాతి మోడల్ వచ్చేదాకా. వాడికి వెనకవైపు నాకన్నా ఎక్కువ కళ్ళున్నాయట! ఉన్న రెండు కళ్ళతోనే సరిగ్గా చూడని మనుషులకి, ఫోన్‌కి అన్ని కళ్ళెందుకో నాకు ఈనాటికీ బోధపడలేదు.

అలా రామచంద్రపురంలో ఓ కొట్టు అద్దాల బీరువాలోకి చేరాను. అక్కణ్ణుంచి నన్ను ఇంటికి తీసుకెళ్ళింది మంగాయమ్మ గారు. ఆవిడ భర్త వెంకటరత్నం గారు పెళ్ళిళ్ళ బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తారు. ఆ ఏడాది ఊపిరితిత్తుల జబ్బు చేసి తగ్గింది గానీ, పోయిన దమ్ము మాత్రం తిరిగి రాలేదు. పాట ఎత్తుకుంటే పల్లవి సగంలోనే తెగిపోయేది. మేళం మాస్టారు తాతబ్బాయి, చిన్నప్పటి స్నేహితుడే, ఓ రోజు వచ్చి నేల చూపులు చూస్తూ చెప్పేశాడు.

"ఏమనుకోకురా రత్నం. వచ్చే పెళ్ళికి వచ్చెయ్. ఆ తర్వాత మాత్రం ఇంకోణ్ణి చూసుకుంటాను."

"అలాగేలేరా" అన్నారు రత్నం గారు. లోపలికొచ్చి క్లారినెట్ పెట్టె తెరిచి, మళ్ళీ మూసేశారు. మీసం మొలవనప్పటి నుంచి ఆ మేళమే ఆయన లోకం. నాకే గుండె ఉంటే ఆ పూట చెరువైపోయేది.

"ఊపిరి పెరగడానికి ఏవో కసరత్తులుంటాయంట, ఇందులో చూడకూడదా?" అని మంగాయమ్మ గారు నన్ను ఆయన చేతిలో పెట్టారు. ఆయన నన్ను నోటి దగ్గర పెట్టుకుని చెవిటివాడితో మాట్లాడినట్టు అరిచారు. "క్లారినెట్! ఒకటే స్వరం! శానాసేపు!"

నాకు తోచింది నేను చూపించాను. ఎక్కడో మంచుదేశంలో ఓ గడ్డపాయన ఒక్కటే స్వరం పట్టుకున్నాడు, ఎంతకీ వదలడు. తాళం లేదు, రాగం లేదు. మధ్యలో నీటిచుక్కలు, తలుపు కిర్రుమనడం.

"ఇదేం పాటండీ బాబూ! మిక్సీ చెడిపోయినట్టుంది" అని మంగాయమ్మ గారు నవ్వుకుంటూ వంటింట్లోకి పోయారు. రత్నం గారు మాత్రం కదల్లేదు. దీన్ని ప్రయోగాత్మక సంగీతం అంటారని కింద ఎవరో రాసింది నేనే తెలుగులోకి మార్చి చూపించాను. ఆ స్వరాన్ని అంత పొడుగు సాగదీసింది ఊపిరితిత్తులు కాదట, సెల్‌ఫోన్లో దింపుకునే ఓ కొత్త యాప్ అట. ఆ ముక్క చదివి ఆయన నిటారుగా కూర్చున్నారు.

యాప్ దించుకుని, క్లారినెట్ తీసి నాలోకి ఒక్క స్వరం ఊదారు. చిన్న ఊపిరి, పాపం, ఊదీ ఊదకముందే అయిపోయింది. నేను దాన్ని పూతరేకంత పల్చగా సాగదీశాను. సాగింది, ఇంకా సాగింది. తన ఊపిరే తెగకుండా నిలబడటం విని ఆయనకి కళ్ళనీళ్ళాగలేదు. ఇక ఆ రోజు నుంచి ఇంట్లో అన్నం ఉడికే చప్పుడు, కోటిపల్లి రేవులో జనాన్ని గోదారి దాటించే పంటు ఇంజను, అన్నీ నాకు వినిపించి సాగదీయించడమే పని. "ఇన్నాళ్ళూ వాయించడమే గానీ వినలేదే మంగా!" అని మురిసిపోయేవారు.

ఆఖరి పెళ్ళి రానే వచ్చింది. మేళం శ్రుతిపెట్టె పాడైతే, నన్నే స్పీకర్ల బండికి కలిపి శ్రుతి పెట్టారు. సాయంత్రం ఊరేగింపు ఓ వీధి మలుపు తిరిగింది. అక్కడ ఓ ఇంట్లో ఈమధ్యే చావు జరిగింది. అలాంటి గుమ్మం ముందు మేళం ఆపేసి, ఇల్లు దాటాక ఎత్తుకోవడం వాళ్ళ పద్ధతి. తాతబ్బాయి చెయ్యెత్తాడు. డప్పులు ఆగాయి, బాకాలు ఆగాయి. శ్రుతి ఆపబోయిన రత్నం గారి వేలు కంగారులో పక్కనున్న ఆ యాప్ గుర్తు మీద పడింది.

అంతే! నేను సాగదీసి దాచుకున్న ఆయన స్వరం వీధంతా పరుచుకుంది.

"ఆపరా!" అని తాతబ్బాయి పళ్ళు నూరాడు. పెళ్ళివారు గుడ్లురిమారు. రత్నం గారి చెమట వేలు నా మీద జారుతోందే తప్ప ఆపలేకపోతోంది. ఇంతలో ఆ ఇంటి తలుపు తెరుచుకుని, పోయినాయన భార్య సుభద్రమ్మ గారు బయటికొచ్చారు. రత్నం గారు చేతులు జోడించేశారు.

"ఆపకండి బాబూ" అన్నారావిడ. "మేళం వస్తే మా ఆయన కుర్చీ లాక్కుని ఈ అరుగు మీదే కూచునేవారు. ఆయన పోయిన కాణ్ణుంచి అందరూ ఈ గుమ్మం కాడికొచ్చేసరికి గప్‌చుప్. ఆయనకి మేళం లేకుండా చేత్తారేంటండీ? వాయించండి."

లోపల్నుంచి కుర్చీ తెచ్చి అరుగు మీద వేసి, దాని పక్కన తాను నిలబడ్డారు. స్వరం అయ్యేదాకా ఊరేగింపు అక్కడే ఆగింది. పెళ్ళికొడుకు కారు దిగి నిలబడ్డాడు. తాతబ్బాయి ఎత్తిన చెయ్యి దించడం మరిచిపోయాడు.

ఇంకో క్లారినెట్ వాణ్ణి వాళ్ళు వెతకలేదు. ఇప్పుడు పల్లవి సగం రత్నం గారు వాయిస్తారు, తెగిన చోట నేను అందుకుంటాను. చావింటి ముందు మాత్రం నేనొక్కణ్ణే. ఈమధ్య ఆయన ఇంకో ఫోన్ కొన్నారు, దానికి బోలెడు కళ్ళు! నాకేం కుళ్ళు లేదు. మేళం లేనప్పుడు నా కాపురం క్లారినెట్ పెట్టెలో, మెత్తటి మఖమలు గుడ్డ మీద.

మేళం బయల్దేరే ముందు తాతబ్బాయి అందర్నీ ఓసారి చూసుకుంటాడు. డప్పులు, బాకాలు అయ్యాక ఆఖరున అడుగుతాడు.

"రత్నం, ఊపిరి తెచ్చావురా?"

రత్నం గారు నవ్వి, నేనున్న చొక్కా జేబు తట్టి చూపిస్తారు.