రికార్డు కాని ఉదయం

బడి వ్యాను నడిపే ఆయన్ని పిల్లలు నెమ్మది మామయ్య అని పిలిచేవారు. "మామయ్యా, మనల్ని చీమ దాటేసింది!" అని వెనక నుంచి వాళ్లు ఆటపట్టిస్తే, "పోనీరా, దానికేదో తొందర పనుందేమో" అని నవ్వేవాడు.

ముందు అద్దం వెనక, రోడ్డంతా రికార్డు చేసే డ్యాష్‌క్యామ్ కెమెరా పెట్టించింది ఆయన భార్య. "మీరెంత జాగ్రత్తగా నడిపితే ఏం? రోడ్డు మీద గట్టిగా అరిచినవాడిదే న్యాయం. ఇదుంటే నా గుండె కాస్త కుదుటపడుతుంది" అంది. 'ఎప్పటికీ మీ సాక్షి' అని దాని డబ్బా మీద పెద్దక్షరాలతో ఉంది. వ్యాను తీసేముందు కెమెరా పచ్చలైటు వెలిగిందో లేదో ఆయన రోజూ చూసుకునేవాడు.

ఒక ఉదయం పిల్లల్ని దింపి ఖాళీ వ్యానుతో వస్తుంటే, పక్క సందులోంచి దూసుకొచ్చిన మోటార్‌సైకిల్ వ్యాను ముందు చక్రానికి గుద్దుకుంది. ఆయన పరుగున దిగి, నడిపిన యువకుడి తలను ఒళ్లోకి తీసుకున్నాడు. అంబులెన్స్ వచ్చేలోపే ఆ ఒళ్లోనే ప్రాణం పోయింది. మూగిన జనం ఆయన కాలరు పట్టుకున్నారు.

"కెమెరా ఉంది బాబూ, చూడండి. అందులో అంతా ఉంటుంది."

పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడు. నెలల కిందటి రోడ్లు, వానలు ఉన్నాయి. ఆ ఉదయం మాత్రం లేదు.

"లైటు వెలుగుతూనే ఉందండీ!" అన్నాడాయన.

భార్య కెమెరా కంపెనీకి ఫోను చేసింది. "ఆ మోడల్లో మెమరీ నిండితే రికార్డింగు ఆగిపోతుందండీ, లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. కొత్తవాటికి సరిచేశాం. పాతవాటికి సపోర్టు ఆపేశాం" అంది అవతలి అమ్మాయి.

"ఆపేశామని మాకో ముక్క చెప్పారా తల్లీ?"

"వెబ్‌సైట్‌లో పెట్టామండీ..." ఆ మాట ఆ అమ్మాయికే నచ్చనట్టు మధ్యలో ఆగింది.

కేసు నడిచినన్నాళ్లూ ఏ తల్లిదండ్రులూ తమ పిల్లల్ని ఆయన వ్యాను ఎక్కించలేదు. చివరికి ఆధారాలు లేవని కోర్టు కేసు కొట్టేసింది. తీర్పు చదివి న్యాయమూర్తి కళ్లజోడు తీశారు. "ఈ కెమెరా పనిచేయడం లేదని ఒక్క కబురు అంది ఉంటే ఈయన ఇంకొకటి పెట్టుకునేవాడు. పనిచేయని యంత్రం కంటే, పనిచేస్తున్నట్టు నమ్మించిన యంత్రం ఎక్కువ అన్యాయం చేసింది" అన్నారు.

బయట మెట్ల దగ్గర చనిపోయిన యువకుడి తల్లి ఎదురైంది.

"నిన్ను వదిలేశారు. మా వాడు ఎలా పోయాడో మాత్రం నాకెవరూ చెప్పలేదు. తప్పు వాడిదా, నీదా?"

"నేను నెమ్మదిగానే వస్తున్నానమ్మా. వాడే..." ఆ తల్లి మొహం చూసి మిగతా మాట మింగేశాడు.

నమ్మాలో మానాలో తేలక ఆవిడ ఆయన్నే చూస్తూ నిలబడింది. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వెళ్లిపోయింది. ఆయన మళ్లీ స్టీరింగు పట్టలేదు.

వస్తువు అమ్ముడుపోయిన రోజుతో బేరం ముగియవచ్చు గాని, బాధ్యత ముగియదు. దాన్ని నమ్ముకుని ఒక మనిషి రోడ్డెక్కుతున్నంత కాలం, దాన్ని తయారుచేసినవాళ్లు ఆ నమ్మకానికి కాపలా ఉండాల్సిందే.