వల వెనక నాన్న

నేను కోచ్‌గా ఉన్న పిల్లల ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపర్‌ని అందరూ ‘గోడ’ అని పిలుస్తారు. పదేళ్ళ పిల్ల, చూడ్డానికి పిడికెడు ఉంటుంది గానీ, బంతి ఎటు వస్తుందో తన్నేవాడికంటే ముందే దానికి తెలిసిపోతుంది. అలాంటిది ఆ శనివారం మ్యాచ్‌లో నేలమీద దొర్లుకుంటూ వచ్చిన బంతిని వదిలేసింది. నాలుగేళ్ళ నా మేనల్లుడు కూడా కాలు అడ్డం పెట్టి ఆపగల బంతి. ఎందుకు వదిలేసిందంటే, సరిగ్గా అప్పుడే తల వెనక్కి తిప్పి, వాళ్ళ నాన్న ఏమంటున్నాడో వింటోంది.

ఆ నాన్నగారు పళ్ళ డాక్టరు. నొప్పి తెలియకుండా పన్ను పీకుతాడని పేరు. తల్లిదండ్రులు గీత మీదికొచ్చి అరుస్తున్నారని నేను మైదానం పక్కన తాడు కట్టించాను. అందరూ బుద్ధిగా తాడు వెనకే నిలబడ్డారు. ఈయనకి తెలివి ఎక్కువ కదా, తాడు లేని చోటు చూసుకుని గోలు వెనక చేరాడు. వలలో వేళ్ళు దూర్చి, "ఎడమకి జరుగు, ముందుకెళ్ళు, అంత ముందుకి ఎవరెళ్ళమన్నారు?" అంటూ ఆట మొదలైన దగ్గర్నుంచి ఆ పిల్లకి చెవిలో జోరీగలా తయారయ్యాడు. వెళ్ళి, అరవొద్దని చెప్పాను.

"నేనేం అరవట్లేదు కదండీ, మెల్లిగానే చెప్తున్నా" అన్నాడు.

ఓడిపోయాం. అందరూ సర్దుకుంటుంటే గోడ నా దగ్గరికొచ్చి చేతి తొడుగులు ఇచ్చేసింది.

"నేనింక రానక్కా."

"ఆట ఇష్టం లేదా?"

"ఇష్టమే" అంది, కారు వైపు చూస్తూ.

కారెక్కింది. అద్దాలు మూసే ఉన్నాయి. లోపల ఆయన నోరు ఆడుతూనే ఉంది. పిల్ల ఒళ్ళో చేతులు పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆట అంటే ప్రాణం పెట్టే పిల్ల, ఈ మనిషి నోటికి భయపడి ఆటే వదులుకుంటోంది.

సాయంత్రం ఫోన్ చేసి చెప్పాను, మీ అమ్మాయి మానేస్తానంటోందని.

"మానేయడమేంటి, దాని మొహం! లాక్కొచ్చి మరీ దింపుతా. మీరు ఆట నేర్పండి మేడమ్, పెంపకం నేను చూసుకుంటా."

ఎదురుగా ఉండి ఉంటే ఆయన పళ్ళకే డాక్టరు అవసరమయ్యేది.

ఆ కోపంలోనే తల్లిదండ్రులందరికీ కబురు పెట్టాను. ఈసారి ప్రాక్టీసులో ఆడేది మీరు, తాడు వెనక నిలబడి అరిచేది పిల్లలు, రాని వాళ్ళ పిల్లలకి వచ్చే మ్యాచ్‌లో చోటు లేదు అని. అన్యాయమే. అయినా వెనక్కి తగ్గలేదు.

అందరూ వచ్చారు, నవ్వుకుంటూ, పొట్టలు లోపలికి పీల్చుకుంటూ. డాక్టరుగారిని గోలులో నిలబెట్టాను. పిల్లలకి ఒకటే చెప్పాను: "మీరు ఆడేటప్పుడు ఏం వింటారో అదే అరవండి."

మొదట సిగ్గుపడ్డారు. తర్వాత బస్సు డ్రైవరు కొడుకు గొంతెత్తాడు. "కళ్ళు నెత్తికెక్కాయా? బంతి అటుంటే ఇటు పరిగెడతావేంటి!" డ్రైవరు పగలబడి నవ్వాడు. టీచరమ్మ కూతురు, "నడుస్తున్నావా, పెళ్ళి చూపులకొచ్చావా?" అని అందుకుంది. టీచరమ్మ ముఖం కందగడ్డయింది. ఎవడో నా గొంతుతో, "చెవుల్లో సీసం పోసుకున్నార్రా?" అన్నాడు. అందరికంటే అదే బాగా కుదిరింది, నాకు మాత్రం నవ్వు రాలేదు.

గోడ అరవలేదు. తాడు దగ్గర్నుంచి నడుచుకుంటూ గోలు వెనక్కి వెళ్ళి నిలబడింది.

డ్రైవరు తన్నిన బంతికి డాక్టరు అడ్డంగా దూకి, మోకాలు గీరుకుని బోర్లా పడ్డాడు. గోలైపోయింది. వల వెనకనుంచి పిల్ల గొంతు వినబడింది. పెద్దగా ఏం లేదు, మెల్లిగానే ఉంది.

"లే. ఏడవకు, అందరూ చూస్తున్నారు. కారెక్కాక చెప్తా నీ సంగతి."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

"నీ వల్ల నా పరువు పోయింది. నీకు తిండి పెట్టడం కూడా దండగే."

డాక్టరు లేచి కూర్చున్నాడు. "నేనెప్పుడన్నానమ్మా అలా?"

"మొన్న, నాన్నా. పెట్రోలు బంకు దాటాక" అంది. అందులో కోపం లేదు, వెటకారం లేదు. అడిగితే గుర్తు చేస్తున్నట్టు చెప్పింది, అంతే.

ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. లేచి నా మీద విరుచుకుపడ్డాడు. "ఇదేనా మీరు నేర్పేది? నా కూతుర్నే నా మీదికి ఉసిగొల్పుతారా?"

"అరవమన్నది నేనే. ఆ మాటలు మాత్రం నావి కావు!" నేనూ అరిచాను. ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఇవి దిగమింగుకుని నా ముందు నిలబడి బంతులు ఆపుతోంది. ఆయన్ని కొట్టాలనిపించింది.

ఆయన జేబులోంచి తాళాలు తీశాడు. "పద ఇంటికి. ఇంక చాలు ఈ ఆట."

పిల్ల కదల్లేదు. వల చుట్టూ తిరిగి ఇటువైపు వచ్చింది. నాన్న ముఖంలోకే చూస్తూ అంది:

"నేను ఆట మానను నాన్నా. కారెక్కను."