తమ్ముడి ఇల్లు, నా కుళ్ళు

ముందే చెప్పేస్తున్నాను, నాకు కుళ్ళు. అదీ సొంత తమ్ముడి మీద.

వాడు ఆరడుగుల మనిషి. ముప్పై దాటాయి, అయినా ఇంట్లో అందరికీ చిన్నోడే. ఆటిజం ఉంది. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడత పెడతాడు. వాడు మడిచిన దుప్పటికి ఇస్త్రీ అక్కర్లేదు. ఇకముందు వాడు ఎక్కడ ఉండాలో తేల్చడానికి, ఇలాంటి వాళ్ళకి వసతి చూసే సంస్థ నుంచి ఒక మేడమ్ వచ్చింది. దారులు మూడు. నలుగురితో కలిసి ఉండే ఇల్లు, కింద కేర్‌టేకర్ ఉండే భవనంలో పైన ఒంటరి గది, లేదా మా అత్తారింట్లో వెనక గది. మూడోది అమ్మ కోరిక. "అక్క ఎలా అంటే అలాగే" అని భారమంతా నా నెత్తిన పెట్టింది.

ఆ మేడమ్ వాడిని అడుగుతున్న ప్రశ్నలు వింటుంటే ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే ఎవరైనా లేపాలా, నువ్వే లేస్తావా? భోజనం ఒక్కడివే చేస్తావా, పక్కన ఎవరైనా ఉండాలా? గోడలకి ఏ రంగు? వాడు తాపీగా ఆలోచించి మరీ జవాబు చెప్పాడు. బూడిద రంగు కావాలట మహారాజుకి! నేను అత్తారింటికి వెళ్ళేటప్పుడు వీటిలో ఒక్కటైనా ఎవరైనా అడిగారా? నా గదిలోకి మరిది ఛార్జర్ కోసం వస్తాడు, అత్తగారు బీరువా కోసం వస్తారు, పిల్లలు ఎందుకొస్తారో వాళ్ళకే తెలియదు.

"వాడు ఒంటరిగా ఉండలేడండీ," అన్నాను గట్టిగా.

"ఒక నెల ఆ పై గదిలో ఉంచి చూద్దాం. తర్వాత మీ మాట ప్రకారమే," అంది మేడమ్.

ఆ నెలంతా వాడికి ఏదో ఒక ఇబ్బంది రావాలని కోరుకున్నాను. పెద్దదేం అక్కర్లేదు. పాలు పొంగిపోయినా చాలు, "అక్కా, రావే" అని ఒక్క ఫోన్ చేస్తే చాలు. చెయ్యలేదు.

చివరికి నేనే వెళ్ళి తలుపు కొట్టాను. సగం తెరిచాడు.

"నేనేరా, చిన్నోడా."

"ఇప్పుడు కాదక్కా. ఇది నేను ఒక్కడినే ఉండే టైము. తర్వాత రా."

తలుపు వేసేశాడు. విసురేం లేదు, మామూలుగానే.

రెండు బస్సులు మారి వస్తే అక్కని గుమ్మంలోంచే పంపేస్తాడా? ఉక్రోషంతో మెట్ల మీద కూలబడ్డాను. లోపల వాడు కూనిరాగం తీస్తున్నాడు. ఇన్నేళ్ళలో వాడి నోట నేను రాగమనేది వినలేదు.

కాసేపటికి కోపం దిగింది, కుళ్ళు మాత్రం పెరిగింది. గది మీద సరే, ఆ మాట మీద పదింతలు. ఇప్పుడు కాదట! సంజాయిషీ లేదు, భయం లేదు, ఎంత సులువుగా అనేశాడు! ఈ జన్మలో ఆ మాట నేను ఎవరితోనైనా అన్నానా?

అప్పుడే మేడమ్ ఫోన్ చేసింది. "ఏమనుకున్నారండీ? మీ ఇంటికి తీసుకెళ్తారా?"

ఒక్క మాట చాలు, వాడు సామాను సర్దుకుని నా వెంట వచ్చేస్తాడు. కానీ మా ఇంట్లో 'ఇప్పుడు కాదు' అనే మాట చెల్లదు. కోడలినైన నాకే చెల్లదు, వాడికేం చెల్లుతుంది?

"వద్దండీ. వాడిని ఇక్కడే ఉండనివ్వండి," అన్నాను. సిగ్గు విడిచి అడిగాను. "పక్క గది ఏమైనా ఖాళీగా ఉందా అండీ?"

ఆవిడ పకపకా నవ్వింది. నేను జవాబు కోసం ఆగాను.