మేడమెట్ల మీద మిర్సినీ

తడి ఉన్ని వాసన.

ఉప్పు, రబ్బరు, తడిసిన ఉన్ని... ఆ ఏడు వేసవి వెళ్లిపోతున్న రోజుల్లో మా రేవంతా అదే వాసన. ఉతికితే పోలేదు. వాకిట్లో సాంబ్రాణి పొగ వేస్తే పోలేదు. ఉత్తరపు గాలి పగలంతా వీచినా పోలేదు.

గాలి వీస్తూనే ఉంది.

తెల్లవారగానే మా దీవికి అవతలి దేశపు ఒడ్డు కనిపిస్తుంది. అక్కడి కోడి కూస్తే ఇక్కడ మెలకువ వస్తుందని మా ముసలివాళ్లు అనేవారు – అబద్ధం, కానీ ముచ్చటైన అబద్ధం. ఆ కాస్త నీటి మీదే పడవలు వచ్చాయి. గాలి నింపిన రబ్బరు పడవలు. యుద్ధం నుంచి పారిపోయి వస్తున్న మనుషులు. కొందరు దిగేవాళ్లు. కొందరు దిగేవాళ్లు కాదు.

దిగినవాళ్లు కొండదారి పట్టేవాళ్లు. పేర్లు రాసుకునే శిబిరం కొండకి అవతల, పట్నం పక్కన. బస్సు వాళ్లని ఎక్కించుకోదు. ఎక్కించుకుంటే నేరమట, ఇంట్లో పెట్టుకుంటే ఇంకా పెద్ద నేరమట. ఎవరు చెప్పారో తెలియదు, ఊరంతా నమ్మింది.

నమ్మితే తలుపు వేసుకోవచ్చు కదా.

మిర్సినీ నా తమ్ముడి భార్య. నా తమ్ముడు వలతో పాటే సముద్రంలో ఉండిపోయి చాలా కాలమైంది. మా ఇద్దరి ఇళ్లకీ మధ్య ఒక గోడ, గోడలో ఒక తలుపు. ఆ తలుపుకి గడియ లేదు. రోజూ పోట్లాడుకుంటాం, రోజూ కలిసే కాఫీ తాగుతాం. మాకు వేరే తోడు లేదు.

ఆమెకి మేడ మీద రెండు గదులు. బయటి నుంచే రాతిమెట్లు. ఈస్టరు పండగ మొదలు ద్రాక్షకోత దాకా ఆ గదుల్లో అద్దెకి ఎవరో ఒకరు – సముద్రం చూడ్డానికి వచ్చి ఎండకి ఎర్రబడే తెల్లకాళ్లవాళ్లు. చలికాలంలో ఆమె పొయ్యి వెలిగేది ఆ గదుల వల్లే. నా తమ్ముడు పోయాక ఆమెకి పడవైనా వలైనా ఆ గదులే.

ఆ శనివారానికి హెండ్రిక్ దంపతులు రావాలి. హాలండు వాళ్లు. ప్రతి ఏడూ ఆ రోజుల్లోనే, ఆ గదులకే. మిర్సినీ దుప్పట్లు ఉతికింది. కిటికీ రెక్కలకి నీలం రంగు కొత్తగా వేసింది.

శనివారం ఇంకా రాలేదు.

పడవ వచ్చింది.

ఆ పొద్దున మిర్సినీ వాకిట్లో ద్రాక్షపాకం కాస్తోంది. ఒడ్డు మీంచి నడిచిపోతున్న గుంపులోంచి ఇద్దరు విడిపడి, ఎండ పడుతున్న ఆమె గోడ దగ్గర ఆగారు. ఒకామె చిన్నది, నిండు చూలాలు. రెండో ఆమె ముసలిది. ఘాలియా, ఆమె అత్తగారు జకియా – ఈ పేర్లు మాకు తరువాత తెలిశాయి. ఘాలియా భర్తకి పడవలో చోటు దొరకలేదు. అవతలి ఒడ్డునే ఉండిపోయాడు. అది తెలుసుకోవడానికి మాకు ఏ భాషా అక్కర్లేకపోయింది. ఆ పిల్ల ఎటు తిరిగి కూర్చున్నా, మొహం సముద్రం వైపే తిరిగేది.

కాసేపు ఎండలో కూర్చుంటారు, తువ్వాళ్లు ఇస్తాను, ఆరాక పోతారు – మిర్సినీ అనుకున్నది ఇంతే. నాతో ఒట్టేసి చెప్పింది.

కానీ చెయ్యి ఊరుకోదు కదా.

మా రేవులో గుమ్మంలోకి మనిషి వస్తే పళ్లెంలో ఒక చెంచా పాకం, ఒక గ్లాసు చల్లటి నీళ్లు. ఆ చెంచా నోట్లో పెట్టుకున్నాక ఆ మనిషి ఆ ఇంటి మనిషి. తనంతట తాను లేచి వెళ్లాలే గాని, వెళ్లమని అనకూడదు. అందుకే మాలో గడుసువాళ్లం గిట్టనివాళ్లని గుమ్మం బయటే మాటల్లో పెట్టి పంపేస్తాం. అద్దెకొచ్చినవాళ్లకి మిర్సినీ కూడా పాకం పెట్టదు. రొట్టె పెడుతుంది, తేనె పెడుతుంది, పాకం మాత్రం పెట్టదు. ఇంటి మనిషిని అద్దె ఎలా అడుగుతుంది?

పాకం దించింది. పళ్లెం తీసింది. నీళ్లు ముంచింది. చిన్నప్పటి నుంచి చేస్తున్న పని – తల చెప్పకముందే చేతులు చేసేశాయి.

జకియా చెంచాని రెండు చేతులతో అందుకుంది. రుచి చూసింది. కళ్లు మూసుకుంది. ఏదో అంది. ఘాలియా చెంచాని నాకి, తన తలగుడ్డ అంచుతో తుడిచి, పళ్లెంలో తిరిగి పెట్టింది.

మిర్సినీ గోడలోని తలుపు తోసుకుని నా దగ్గరికి వచ్చింది. ఖాళీ పళ్లెం ఇంకా చేతిలోనే ఉంది.

"వదినా... పెట్టేశాను."

"ఏం పెట్టేశావ్?"

"పాకం."

"ఓసి నీ చేతులు పడిపోనూ!" అన్నాను.

అని, మా ఇంట్లో ఉన్న మంచి దుప్పటి తీసి ఇచ్చాను. ఏం చేస్తాను మరి... పెట్టేసిందిగా!

ఊళ్లోని నర్సు వచ్చి ఘాలియాని చూసింది. పాదాలు నొక్కి చూసింది, కడుపు మీద చెయ్యి వేసి చూసింది. "ఇవ్వాళో రేపో అన్నట్టుంది. ఈ పాదాలతో కొండ ఎక్కితే దారిలోనే కంటుంది. బిడ్డనీ తల్లినీ అక్కడ చూసేవాళ్లెవరూ ఉండరు" అంది. కానుపయ్యేదాకా కదిలించొద్దని చెప్పి వెళ్లిపోయింది.

కొండ మీద గాలి వీస్తూనే ఉంది.

వాళ్లని మేడ ఎక్కించి, మిర్సినీ ఫోను ముందు కూర్చుంది. చాలాసేపు కూర్చుంది. ఆమెకి పరాయి మాటలు కొన్నే వచ్చు – గది, సముద్రం, రొట్టె, రండి, పరవాలేదు. ఇన్నేళ్లూ వాటితోనే ఇల్లు నడిపింది. అన్నీ సరే అనడానికి పనికొచ్చే మాటలే. వద్దు అనడానికి ఒక్కటీ లేదు.

ఉన్న మాటలనే పేర్చింది.

"హెండ్రిక్ గారూ. గది... లేదు. సముద్రం. మనుషులు. తల్లి. గది లేదు."

అవతల ఆయన గొంతు పెరిగింది. మాటలు అర్థం కాలేదు, కోపం అర్థమైంది. ఇన్నేళ్ల పరిచయం అది. ఆమె చివర అలవాటు కొద్దీ పరవాలేదు అనేసి, ఫోను పెట్టేసి, ఏడ్చింది. కళ్లు నా భుజానికి తుడుచుకుంది. అంత ఏడుపులోనూ ఆ మాట వెనక్కి తీసుకుంటానని మాత్రం అనలేదు.

సాయంత్రానికి స్ట్రాటిస్ వచ్చాడు. మిర్సినీ సొంత తమ్ముడు. రేవులో గదులున్న ప్రతి ఇంటికీ అద్దెకొచ్చే మనుషుల్ని పంపేది అతనే. ఆ మేడగదుల కప్పు తన చేతులతో వేసినవాడూ అతనే. చెడ్డవాడని నేను అనను. భయపడ్డవాడు, అంతే.

"మతుండే చేశావా అక్కా ఈ పని?"

"మతుండే చేశానురా."

"చెంచాడు పాకం పెడితే ఇల్లు రాసిచ్చేస్తావా?"

"ఇల్లెవరడిగారు? మంచం ఇచ్చాను."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి! ఇప్పటికే పేపర్లో మన రేవు పేరు శవాల బొమ్మల కింద పడుతోంది. ఇంకెవడొస్తాడిక్కడికి సరదాకి? చూడు, వాళ్లని పంపించకపోతే వచ్చే ఏడు నీ గదులకి ఒక్క మనిషిని కూడా పంపను. నేను పంపకపోతే ఎవడూ రాడు, నీకు తెలుసు."

తెలుసు. నాకూ తెలుసు.

"పంపకు" అంది మిర్సినీ.

"చలికాలం ఏం తింటావ్?"

"నీ తిట్లు తింటాలేరా. నిలవ బాగానే ఉన్నాయి."

నేను నవ్వాను. స్ట్రాటిస్ నా వైపు కొరకొరా చూశాడు.

"నువ్వైనా చెప్పు, పెలాగియా వదినా!"

"నేను చెప్తే ఎప్పుడైనా విందా ఈ మనిషి?" అన్నాను.

అప్పుడు మిర్సినీ మెల్లగా అడిగింది. "మన బామ్మ అవతలి ఒడ్డు నుంచి పారిపోయి వచ్చి ఈ రేవులో దిగిన రోజు ఎక్కడ పడుకుందో చెప్పనా?"

"వద్దు."

"గానుగ కొట్టంలో. గాడిద పక్కన. మన నాన్నని కన్నదీ అక్కడే. అప్పుడు మాత్రం ఈ ఊళ్లో గదుల్లేవా? అవతలి ఒడ్డు విత్తనం అని మనల్ని అనలేదూ? బళ్లో నిన్నా మాట అన్నారని ఏడుస్తూ వచ్చి నా ఒళ్లో పడలేదూ?"

స్ట్రాటిస్ గోడకేసి చూశాడు.

వెళ్లిపోయాడు.

ఆ తరువాత రేవు మొహం తిప్పుకుంది. రొట్టెలవాడు పలకరించడం మానేశాడు. చర్చిలో మా వరసలో ఇంకెవరూ కూర్చోలేదు. ఒకప్పుడు మిర్సినీ పాకం సీసాల కోసం ఎగబడిన ఆడవాళ్లు మా గుమ్మం ముందు నడక పెంచారు... ఆమె పట్టించుకోలేదు. పట్టించుకోనట్టు ఉంది. రాత్రి వండిన పప్పుచారు ఎక్కువైందని నాతో రెండుసార్లు పోట్లాడింది. అది ఆమె ఏడవడంలో ఒక పద్ధతి.

మేడ మీద ఘాలియా కిటికీ తెరిచేది. సముద్రం చూసేది. మూసేది. మళ్లీ తెరిచేది. ఆ కొత్త నీలం రంగు ఆమె వేళ్లకి అంటుకుంది.

శనివారం వచ్చింది.

గాలీ వచ్చింది, కాస్త ఎక్కువగానే.

పొద్దున్నే స్ట్రాటిస్ ట్రక్కు మా సందులో ఆగింది. వెనకాల పెట్టెలు. ముందు హెండ్రిక్ దంపతులు. స్ట్రాటిస్ తిరిగి ఫోను చేసి, అక్కకి ఒంట్లో బాగాలేక ఏదో అంది, గదులు ఖాళీ చేయిస్తాను, రండి – అని చెప్పాడట. నమ్మి వచ్చేశారు పాపం. హెండ్రిక్ గారు దిగి, ఎప్పటిలాగే మా వైపు చెయ్యి ఊపారు. మా చేతులు లేవలేదు.

"నేను చెప్పింది చేస్తానక్కా" అన్నాడు స్ట్రాటిస్. "దింపెయ్ వాళ్లని. నేనే శిబిరం దాకా దింపొస్తాను. ట్రక్కుంది. నడవక్కర్లేదు."

"శిబిరంలో మంచముందా?"

స్ట్రాటిస్ ట్రక్కు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"కానుపు చేసే మనిషుందా?"

పైన తలుపు చప్పుడైంది.

ఘాలియాకి మా మాట ఒక్కటి రాదు. కానీ ఆగిన బండిని, దిగిన పెట్టెలని, తగ్గిన గొంతులని అర్థం చేసుకోవడం ఆ పిల్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. దారి పొడుగునా అదే చదువు. మూట కట్టేసుకుంది. పక్క సర్దేసింది – దుప్పటి మడత విప్పనట్టే ఉంది, తరువాత చూశాను. జకియా చెయ్యి పట్టుకుని, ఒక్కొక్క మెట్టూ తడుముకుంటూ దిగుతోంది.

తనంతట తానే లేచి వెళ్తోంది.

అలా వెళ్తే ఆపకూడదు. అదీ మా మర్యాదే. స్ట్రాటిస్‌కి ఆ సంగతి తెలుసు. అతని మొహం కాస్త తేటపడింది.

నేను మిర్సినీ వైపు చూశాను.

మిర్సినీ మెట్ల దగ్గరికి నడిచింది. గొంతు పెంచలేదు. చేతులు చాచలేదు. గౌను సర్దుకుని, మెట్ల మధ్యలో చతికిలబడింది. ఇరుకు మెట్లు అవి. పక్కనుంచి పిల్లి కూడా దూరలేదు.

"అక్కా, లే."

"లేవను."

"ఊరంతా చూస్తోందే!"

"చూడనీ. ఉలిపికట్టెని చూడడానికి అద్దె కట్టక్కర్లేదు." గౌను అంచు కాళ్ల కిందకి లాక్కుంది. "ఎక్కేవాళ్లు లేరు, దిగేవాళ్లు లేరు. బిడ్డ పుట్టేదాకా ఈ మెట్లు మూసేశాను. మర్యాద తప్పాననుకో. బామ్మ అడిగితే నేను చెప్పుకుంటాను."

నాకు మోకాళ్ల నొప్పి. అయినా వెళ్లి ఆమె పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. రాయి చల్లగా ఉంది. నా జన్మలో నేనింత హాయిగా కూర్చున్నది లేదు.

హెండ్రిక్ గారి భార్య పైకి చూసింది. ఆ కడుపు కనిపించింది ఆమెకి. భర్త చెయ్యి పట్టుకుని ఏదో అంది. ఆయన టోపీ తీశారు. ఇంకా కోపంగా ఉన్నారో, లేదో... గాలికి మాటలు మా దాకా రాలేదు. పెట్టెలు మాత్రం ట్రక్కులోనే ఉన్నాయి.

ఘాలియా ఆగిపోయింది. మూటని గుండెకి హత్తుకుంది. మా ముగ్గురినీ చూసింది – నన్ను, మిర్సినీని, కింద నిలబడిన స్ట్రాటిస్‌ని. తరువాత మెల్లగా, ఒక చేత్తో గోడ పట్టుకుని, మా పై మెట్టు మీద కూర్చుంది. చోటు లేక, ఆమె కడుపు మిర్సినీ వీపుకి ఆనుకుంది.

స్ట్రాటిస్ ట్రక్కెక్కి హారను నొక్కాడు. మొత్తం రేవు వినేలా నొక్కాడు.

మిర్సినీ ఒక్కసారి ఉలిక్కిపడింది. హారనుకి కాదు. నా వైపు తిరిగింది. మొహం చిన్నపిల్ల మొహంలా ఉంది.

"వదినా, తన్నింది."

"ఎవరే?"

"లోపలున్నది. నా నడుం మీద. గట్టిగా!"

హారను మళ్లీ మోగింది. మిర్సినీ వీపు ఇంకాస్త వెనక్కి ఆనించి కూర్చుంది.